కంది రకం కరపత్రంలో పుచ్చుపురుగు ఊసేది?

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది దర్శి పక్కన మెట్ట పల్లె. విత్తనానికని దాచిన కందుల బస్తా ఉగాది ముందు విప్పితే చేతికి పిండి అంటింది. ఏ గింజ పట్టుకున్నా గుండ్రటి చిల్లే.

పురుగు బస్తాలో పుట్టిందనుకుంటాం గానీ, పుచ్చుపురుగు చేలోనే, కాయ ఎండేటప్పుడే గుడ్లు పెట్టేస్తుంది. పుచ్చు పట్టిన గింజను ఎండలో పెట్టి చూడండి, పొట్టు మీద నువ్వుగింజకన్నా చిన్న తెల్లచుక్క ఉంటుంది. గుడ్డు అడుగు నుంచే పిల్లపురుగు నేరుగా పొట్టును తొలిచి లోపలికి పోతుంది. తొలిచిన పొడిని వెనక్కి నెట్టడం వల్లే ఆ గుడ్డు పెంకు తెల్లబడుతుంది. పెరిగినన్నాళ్లూ బయటికే రాని పిల్లపురుగుకు మందు ఎక్కడ తగులుతుంది? దానికీ పప్పుకూ మధ్య ఉన్న అడ్డల్లా ఆ పొట్టే.

పొట్టు సంగతి సోయాచిక్కుడులో బాగా తెలిసిందే. సోయా గింజ బరువులో పొట్టు సుమారు 8 శాతం. అందులో ఎక్కువ భాగం కణాల గోడలే, అంటే సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, పెక్టిన్ వంటి పిండిపదార్థాలు. లేత గింజలో ఆ గోడలు పలచన. ముదిరేకొద్దీ పైవరస కణాల గోడలు దళసరెక్కుతాయి. పురుగును ఆపడానికి గట్టిదనం ఒక్కటే చాలదు, పొట్టు నునుపు, అందులోని రసాయనాలు కూడా పనిచేస్తాయి. పొట్టు దాటేలోపే పిల్లపురుగు చచ్చిపోయే గింజలూ ఉన్నాయి.

మా అమ్మ విత్తన కందులకు ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, కుండలో పోసి పైన బూడిద కప్పేది. ఆమె చేసింది పొట్టు మీద ఇంకో పొట్టు కట్టడమే.

నేను చూసిన కంది రకాల కరపత్రాల్లో దిగుబడి, పంటకాలం, ఎండు తెగులు, వెర్రి తెగులు సంగతి ఉంది. పుచ్చు మాట ఒక్కదాంట్లోనూ లేదు. గుంటూరు దగ్గర లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం మన జిల్లాలో వేసే రకాలన్నిటి మీదా పుచ్చుపురుగును వదిలి చూడాలి. ఏ పొట్టు ఎంత తట్టుకుందో కరపత్రంలో రాసి, రైతు సేవా కేంద్రాల గోడలకు అంటించాలి. గాలి చొరని సంచులు కందులు నూర్చే జనవరి, ఫిబ్రవరిలోనే ఇవ్వాలి. పోయినేడు మా ఊరికి అవి వచ్చింది మే నెలలో. అప్పటికి సంచిలో పోయడానికి మంచి గింజ మిగల్లేదు.

ఇట్లు,
ఒక కంది రైతు,
దర్శి మండలం, ప్రకాశం జిల్లా