చెరువు కట్ట మీది ఆట, నాన్న ఫోన్లో పోయిన డబ్బులు: దసరా సెలవులకు ముందు ఒక ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ పది రోజులుగా మీ వాట్సాప్ గ్రూపుల్లో దేని గురించి మాట్లాడుకుంటున్నారో నాకు తెలుసు, స్క్రీన్‌షాట్లు నా దాకా కూడా వచ్చాయి, కాబట్టి నేరుగా విషయానికే వస్తాను. ఏడో తరగతి పిల్లలు ఐదుగురు శనివారం బడి వదిలాక ఇంటికి పోకుండా భద్రకాళి చెరువు కట్ట మీదికి పోయి చీకటి పడేదాకా పోకెమాన్ గో ఆడుతూ ఉండిపోయారు (ఫోన్ పట్టుకుని బయట నడుస్తూ, స్క్రీన్ మీద కనిపించే బొమ్మ జీవులను పట్టే ఆట అది). ఇంట్లోవాళ్ళు ఊరంతా వెతికారు, ఒక నానమ్మ ఆటో మాట్లాడుకుని బడి గేటు దాకా వచ్చి వాచ్‌మెన్ ముందు ఏడ్చింది. ఆ ఐదుగురిలో ఒకబ్బాయి వాళ్ళ నాన్న ఫోన్లోంచి రెండు దఫాలుగా 1,800 రూపాయల పైచిలుకు పెట్టి ఆటలో కాయిన్స్ కొన్నాడని తెల్లారి బయటపడింది. పిల్లలు క్షేమంగా ఉన్నారు. గ్రూపుల్లో తిరుగుతున్నట్టు ఎవరూ నీళ్ళలో పడలేదు, ఎవరూ ఎవర్నీ ఎత్తుకుపోలేదు. ఆ మెసేజ్ ఇంకా మీ ఫోన్లో ఉంటే దయచేసి తీసేయండి, ఇంకొకరికి పంపకండి.

ఆ ఆటను బడి తరఫున బంద్ చేయించమని పదకొండు మంది నాకు ఫోన్ చేశారు. మీ ఇంట్లో, మీ ఫోన్లో, మీరు పెట్టిన నెట్ బ్యాలెన్స్‌తో ఆడే ఆటను నేను ఎట్లా బంద్ చేయాలి చెప్పండి. నేను చేయగలిగింది చేశాను. ఆ ఐదుగురినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి మాట్లాడాను, తిట్టాల్సింది తిట్టాను, ఆ తర్వాత వాళ్ళనే అడిగి ఆ ఆటను నా ఫోన్లో పెట్టుకుని పది రోజులుగా సాయంత్రం అరగంట నడుస్తూ ఆడుతున్నాను. లెక్కల టీచర్‌గా ఇరవై రెండేళ్ళు చేసినదాన్ని కదా, నాకు అందులో మొదట కనిపించింది లెక్కే. డబ్బులు పోగొట్టుకున్న అబ్బాయికి తప్పింది కూడా ఆ లెక్కే.

వాడు ఏం చేశాడో చూడండి. ఆటలో మొదట మూడు జీవుల్లో ఒకదాన్ని ఎంచుకోమంటుంది, బల్బసార్, చార్‌మాండర్, స్క్వర్టిల్ అని. వాడు చార్‌మాండర్‌ను పట్టుకున్నాడు, బాగానే ఉంది. ఆ మీదట దాన్ని బలంగా చేయాలని పవర్ అప్ నొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో నొక్కుకు మొదట్లో 200 స్టార్‌డస్ట్, అంటే జీవుల బలం పెంచడానికి ఆటలో ఖర్చు పెట్టేది, పోతుంది, నాలుగు నొక్కుల తర్వాత 400, ఇంకో నాలుగు తర్వాత 600, అట్లా పెరుగుతూ పోతుంది. అంటే అడుగు నుంచి పన్నెండు సార్లు నొక్కితే 4,800. మామూలుగా బయట ఒక జీవిని పట్టుకుంటే వచ్చేది 100. అంటే ఒక్క నిమిషంలో వేలితో ఊదేసినదాన్ని మళ్ళీ సంపాదించాలంటే 48 జీవులను పట్టాలి. వాడి ఫోన్ స్క్రీన్ మూలకు పగిలి టేపు వేసి ఉంది, ఆ టేపు కింద స్టార్‌డస్ట్ అంకె 140 అని కనిపిస్తోంది, వాడు దాన్ని బొటనవేలితో మూసుకుని నాకు మిగతా స్క్రీన్ చూపిస్తున్నాడు. "మేడం, గప్పుడు ఎట్లయినా గెలవాలనిపించింది" అన్నాడు. స్టార్‌డస్ట్ అయిపోయింది, జీవులను పట్టడానికి విసిరే బాల్స్ అయిపోయాయి, అప్పుడు కొనుక్కోమని దుకాణం కనిపించింది, నాన్న ఫోన్ పిన్ నోటికి వచ్చు. జరిగింది ఇంతే.

ఇదే ఆటను మన తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఏడాదిన్నరగా ఒక్క రూపాయి పెట్టకుండా ఆడుతున్నాడు. పేరు రాయను, వాడికి సిగ్గు ఎక్కువ, కానీ వాడి గురించి చెప్పకుండా ఉండలేను. నేను అడగ్గానే రఫ్ నోట్‌బుక్‌లోంచి రెండు కాగితాలు చింపి చిన్నవాళ్ళ కోసం "మొదలుపెట్టేటోళ్ళు చేయొద్దనివి" అని రాసిచ్చాడు. ఎంత బాగా రాశాడో! స్టార్‌డస్ట్ అన్ని జీవులకూ ఒకటే కాబట్టి అది ఇంటి ఖర్చుకు ఉంచిన డబ్బు లాంటిదట, జీవిని పట్టినప్పుడు వచ్చే క్యాండీ మాత్రం ఏ జాతిది ఆ జాతికే పనికొస్తుంది కాబట్టి అది వడ్లు అమ్మి ఎరువుకని పక్కకు పెట్టిన డబ్బట. ఆడే మనిషి లెవెల్ పెరిగేకొద్దీ బయట దొరికే జీవులు కూడా బలంగానే దొరుకుతాయట, కాబట్టి మొదటి వారంలో దొరికిన బక్కదాని మీద స్టార్‌డస్ట్ అంతా పోస్తే, నెల తిరిగేసరికి అదే జాతిది అంతకంటే బలమైనది ఊరికే దొరుకుతుందట. ఈ ఒక్క మాట ఆ ఏడో తరగతి అబ్బాయికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే 1,800 మిగిలేవి.

వాడు రాసినవి ఇంకొన్ని చెప్తాను, ఇంట్లో పిల్లలు ఆడేవాళ్ళుంటే పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఉట్టిగా నడిస్తేనే ఎగ్స్ పొదుగుతాయి. వాటిని పొదగేసే ఇంక్యుబేటర్, ఎన్నిసార్లు వాడినా పోనిది, ఒకటి ఆట ఉచితంగా ఇస్తుంది, మూడుసార్లకే విరిగిపోయేవి అప్పుడప్పుడు వస్తాయి, 2 కిలోమీటర్ల ఎగ్‌ను పోని దాంట్లో పెట్టి, విరిగిపోయేవాటిని 10 కిలోమీటర్ల వాటికి దాచాలి. పిడ్జీ అనే చిన్న పిట్ట 12 క్యాండీలకే తర్వాతి రూపానికి మారుతుంది, మ్యాజికార్ప్ అనే చేప మారాలంటే 400 కావాలి, కాబట్టి ఆ చేప కనిపించిన ప్రతిసారీ పట్టుకుని ఓపిక పట్టాలి. ఒకే రకానివి ఎక్కువైనప్పుడు ఆటలోని ప్రొఫెసర్‌కు పంపితే ఒక్కోదానికి ఒక క్యాండీ వస్తుంది, కానీ పంపినది మళ్ళీ తిరిగి రాదు, అందుకే ముందు అప్రైజ్ నొక్కి ఆ జీవి సత్తా చూపే మూడు గీతలూ చూడాలి, ఒక్కో గీత 15 దాకా ఉంటుంది, నిండుగా ఉన్నదాన్ని తొందరపడి పంపేసి తర్వాత ఏడ్చినవాళ్ళు వాడి క్లాసులోనే ముగ్గురున్నారట. లక్కీ ఎగ్ దొరికితే వెంటనే పగలగొట్టొద్దు, అది లెవెల్ పెంచే పాయింట్లను రెట్టింపు చేస్తుంది కానీ అరగంటే పనిచేస్తుంది, మార్చాల్సిన పిట్టలు ఇరవై ముప్పై జమయ్యాక వాడాలి. ఆటలో పోటీలు జరిగే చోటైన జిమ్‌లో మన జీవిని నిలబెడితే రోజుకు 50 కాయిన్స్ దాకా ఉచితంగానే వస్తాయి, వాటిని బాల్స్ కొనడానికి తగలెయ్యకుండా సంచీ పెద్దది చేసుకోవడానికి దాచాలి, ఎందుకంటే దారిలో ఆట గుర్తుపెట్టిన చోట్లు, పోకేస్టాప్‌లు, దగ్గరికి పోయి స్క్రీన్ మీద తిప్పితే బాల్స్ ఊరికే వస్తాయి, సంచీలో జాగా మాత్రం అంత సులువుగా రాదు.

చివర్లో వాడు ఇంకో గీత గీసి రాసిన మాట ఇది: "బండి మీద తిరిగితే కిలోమీటర్లు లెక్కకు రావు, నడవాలె." ఈ మాట పిల్లల కంటే కొందరు నాన్నలకు ఎక్కువ పనికొస్తుంది. స్కూటీ మీద ముందు పిల్లవాడిని నిలబెట్టుకుని, వాడి చేతిలో ఫోన్ పెట్టి, సుబేదారి రోడ్డు మీద పోతున్నవాళ్ళను నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు మీ ఇంటి సంగతి, కోపం తెచ్చుకోకండి. మొన్న మీటింగ్‌లో ఒకమ్మ నవ్వుతూనే అన్నారు, "ఫోన్ చేతిలో పెడితే తప్ప మా వాడు బుక్క ముట్టడు మేడం" అని, చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లవాడు రెండో తరగతి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పడం, "కరెంట్ బిల్లు మా పాపే కడుతది" అని మురిసిపోవడం, రాత్రి పదకొండింటికి పిల్లల చేతుల్లో ఫోన్ ఉండగా పక్కగదిలో సీరియల్ చూడడం, తెల్లారి తొమ్మిదింబావుకు బడికి పంపి "నిద్ర లేవలేదు మేడం" అని చీటీ రాయడం, ఇవన్నీ మీకు చిన్న విషయాలే, క్లాసులో ఆవలించే ముఖాలను చూసేది మాత్రం మా టీచర్లు. మీరంటే నాకు గౌరవం, మీలో చాలామంది పొద్దున ఐదింటికి లేచి కష్టపడతారని తెలుసు, అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను. ఈ రాత్రే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి పోయి ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, యూపీఐ పిన్ మార్చండి, మార్చిన పిన్ పిల్లలకు చెప్పకండి. రెండు నిమిషాల పని. రాకపోతే పిల్లలను అడగకండి, బడికి వస్తే మా కంప్యూటర్ సార్ చేసిపెడతారు.

మిగతా విషయాలు త్వరత్వరగా: ఎఫ్ఏ-2 ప్రోగ్రెస్ కార్డులు శుక్రవారం ఇస్తాం, సంతకం పెట్టి సెలవులయ్యాక పంపండి, ఎస్ఏ-1 సిలబస్ డైరీలో రాయించాం, బస్సు ఫీజు బాకీ ఉన్నవాళ్ళు ఆఫీసులో కలవండి, ఐడీ కార్డు పోయినవాళ్ళు ఒక ఫోటో పంపండి. బడిలో బతుకమ్మ గురువారం, తంగేడు, గునుగు ఇంట్లో దొరికితే తెండి, దొరక్కపోతే బజార్లో కొనొద్దు, మా దగ్గర సరిపడా ఉన్నాయి.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు మాట. ఈ పది రోజుల్లో నేను పిల్లలను ఒక ప్రశ్న అడిగాను. ఏడో తరగతిలో ముప్పై ఎనిమిది మందికి ఆ ఆటలోని జీవుల పేర్లు గడగడా వచ్చు, ఏది ఎన్ని క్యాండీలకు ఏదిగా మారుతుందో వచ్చు. పాలపిట్టను చూసినవాళ్ళు చేతులెత్తండి అంటే తొమ్మిది చేతులు లేచాయి, అందులో ఆరుగురు చూసింది పంజరంలో. మన తెలంగాణ రాష్ట్ర పక్షి అది! తీగ మీద కూర్చుంటే గోధుమరంగులో ఏదో మామూలు పిట్టలా ఉంటుంది, రెక్క విప్పిందంటే ఆ నీలం చూసి మనిషి మాట మరిచిపోతాడు. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని మన పెద్దలు జమ్మి చెట్టు దగ్గరికి పోతూ పొలాల వైపు చూసేవాళ్ళు, వెతుక్కుంటూ నడిచేవాళ్ళు. ఇప్పుడు ఏం చేస్తున్నాం? ఎవరో వారం ముందే వలవేసి పట్టి, కాళ్ళకు దారం కట్టి, ఇరుకు పంజరంలో కుక్కి గుడి ముందు నిలబడితే, పది ఇరవై రూపాయలిచ్చి చూసి దండం పెట్టి వస్తున్నాం. పిల్లవాడిని భుజాన ఎత్తుకుని మరీ చూపిస్తున్నాం. ఆ పిట్ట రెక్కలు రాలిపోయి, నోరు తెరిచి ఉంటుంది, నీళ్ళు కూడా ఉండవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. నేను చేతులు జోడించి అడుగుతున్నాను, ఈ దసరాకు మన బడి పిల్లల ఇళ్ళలో ఒక్కరు కూడా ఆ పంజరానికి రూపాయి ఇవ్వకండి. మనం ఇచ్చే ఆ పది రూపాయల కోసమే వాళ్ళు వల వేస్తున్నారు. పొద్దున్నే పిల్లలను తీసుకుని ఊరి బయటికి, చేల వైపు, కరెంటు తీగల కింద నడవండి. కనిపిస్తుంది. ఒకరోజు కనిపించకపోతే మర్నాడు పోండి.

అది సాధ్యమని చూపించిన అమ్మాయి మన బడిలోనే ఉంది. ఎనిమిదో తరగతి బి సెక్షన్, కాజీపేట నుంచి వస్తుంది. జూన్ నుంచి పొడుగు నోట్‌బుక్‌లో తను చూసిన ప్రతి పిట్టకూ ఒక గీత గీసుకుంటోంది: తేదీ, చోటు, ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి. గిజిగాడు, లకుముకి పిట్ట, జెముడుకాకి, నీటికాకి, బుడుబుంగ, అన్నీ తెలుగు పేర్లే, తెలియనివి వాళ్ళ తాతను అడిగి రాసింది, తాత చెప్పిన పేరు పక్కన "తాత" అని చిన్నగా రాసుకుంది. వడ్డేపల్లి చెరువు దగ్గర ఒక్క ఆదివారమే పద్నాలుగు రకాలు. ఆగస్టు పేజీ మీద వాన పడి సిరా కారింది, దాని కిందే మళ్ళీ పెన్సిల్‌తో అంతా రాసింది. నిన్నటికి 46 రకాలు. ఆ నోట్‌బుక్ పట్టుకుని స్టాఫ్ రూమ్‌లో ప్రతి టీచర్‌కూ చూపించాను, మీకూ చూపించాలని ఉంది.

అందుకే ఇట్లా అనుకున్నాం. సెలవుల్లో పోకెమాన్ గో ఆడే పిల్లలు ఆడనీయండి, పెద్దవాళ్ళు ఒకరు పక్కన నడుస్తూ, సాయంత్రం ఆరులోపు, ఒక్క రూపాయి పెట్టకుండా. ఆ నడకలోనే కనిపించిన నిజం పిట్టలను కూడా ఒక నోట్‌బుక్‌లో ఆ అమ్మాయి రాసినట్టే రాయమనండి. ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి కాగితాలు రెండూ జిరాక్స్ తీయించాం, ఈ ఉత్తరంతోపాటు వస్తాయి. చెరువు కట్ట మీదికి పిల్లలు మాత్రమే పోవడానికి వీల్లేదు, ఆ ఐదుగురికీ వాళ్ళ ఇళ్ళలోనూ ఈ మాట ఖాయం చేశాం.

కింద ఉన్న చీటీలో మూడు గళ్ళున్నాయి: ప్లే స్టోర్ పాస్‌వర్డ్ పెట్టాం, యూపీఐ పిన్ మార్చాం, పంజరంలో పాలపిట్టను చూడం. టిక్కు పెట్టి, సంతకం చేసి, గురువారం బతుకమ్మకు వచ్చేటప్పుడు పిల్లల చేత పంపండి. ఆ రోజు పొద్దున పదింటికి ఆ అమ్మాయి నోట్‌బుక్‌ను లైబ్రరీ బల్ల మీద పెడుతున్నాం, వాళ్ళ తాత కూడా వస్తానన్నారు, వీలైనవాళ్ళు వచ్చి చూడండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ