‘మీ దేవుడూ మా దేవుడూ ఒక్కడేనా?’: తొమ్మిదో తరగతి ప్రశ్న

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

యూనిట్ టెస్టు మార్కులు, బస్సు ఫీజు వివరాలు డైరీల్లో పంపాం కాబట్టి మళ్లీ రాయడం లేదు. ఈ నెల ఉత్తరం ఒకే సంగతి గురించి.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి మాటల మధ్యలో "యేసు దేవుడి కుమారుడు" అంది. పక్క బెంచీలో అమ్మాయి "దేవుడికి కొడుకేంటి, అలా అనకూడదు" అంది. లంచ్ బెల్ కొట్టేదాకా ఇద్దరూ తగ్గలేదు, కానీ టిఫిన్ బాక్సులు మాత్రం ఎప్పటిలాగే కలిసే తెరిచారు. పిల్లలకు లేని టెన్షన్ మనకొచ్చింది. సాయంత్రానికి ఫోన్లు: "మేడమ్, స్కూల్లో మతం ఎందుకు చెప్తున్నారు?"

మేం మతం బోధించడం లేదు. గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. కానీ పిల్లలు అడిగినదానికి సోషల్ టీచర్ జవాబు దాటేస్తే, వాళ్లు యూట్యూబ్‌లో వెతుక్కుంటారు. అక్కడ ఏం దొరుకుతుందో మీకు తెలియంది కాదు.

ఇలాంటప్పుడు మనం ఇళ్లల్లో "అందరి దేవుడూ ఒక్కడేలేమ్మా, అన్నం తిను" అనేస్తాం. ఉద్దేశం మంచిదే. నాకు మాత్రం అది చాలదనిపిస్తుంది. పాస్టర్ గారూ ఒప్పుకోరు, ఇమామ్ సాబూ ఒప్పుకోరు. ఇద్దరూ దేవుడు ఒక్కడే అంటారు, సృష్టించినవాడు, తీర్పు తీర్చేవాడు, ప్రార్థన వినేవాడు అంటారు. అబ్రాహామునూ మోషేనూ ఇద్దరూ ప్రవక్తలుగా తలుస్తారు. ఆ 'ఒక్కడు' ఎలాంటివాడనే దగ్గరే దారులు వేరవుతాయి.

క్రైస్తవులకు ముగ్గురు దేవుళ్లని చాలామంది పిల్లలు అనుకుంటున్నారు. అది తప్పు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడని వాళ్ల విశ్వాసం. 325లో నీకయా సభలో చర్చి పెద్దలు కూర్చుని తేల్చిందేమిటంటే, కుమారుడు సృష్టించబడినవాడు కాదు, తండ్రి స్వభావమే ఆయన స్వభావం అని. కుమారుడు అన్నారు కదా అని, దేవుడు మనుషుల్లా బిడ్డను కన్నాడని అర్థం కాదు.

ఇస్లాంలో తౌహీద్, అంటే అల్లాహ్ ఏకత్వం, అన్నిటికీ మూలం. ఖురాన్ 112వ సూరాలో, అంటే అధ్యాయంలో, నాలుగే వాక్యాలు: అల్లాహ్ ఒక్కడే, ఆయనకు ఎవరి అక్కరా లేదు, ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు, ఆయనకు సాటి ఎవరూ లేరు. ఆ రెండో అమ్మాయి క్లాసులో అన్నది ఇదే, తను పెంకిగా ఏమీ మాట్లాడలేదు. ఈ మాట తెలిసిన క్రైస్తవ పిల్లలు కొందరు అల్లాహ్ అంటే దూరంగా ఉండే కఠినమైన దేవుడని అనుకుంటున్నారు. అదీ తప్పే. ఖురాన్‌లోని 114 సూరాల్లో 113 'అపార కరుణామయుడు, పరమ కృపాశీలుడు' అనే మాటలతోనే మొదలవుతాయి. మనిషికి అతని మెడ నరం కంటే దగ్గరగా ఉన్నానని 50వ సూరాలో దేవుడే అంటాడు.

యేసు ముస్లింలకు పరాయివాడు కాదు. కన్య మర్యంకు పుట్టిన ఈసా ప్రవక్త ఆయన. 19వ సూరాకు ఆ తల్లి పేరే ఉంది. కానీ ప్రవక్త ప్రవక్తే, దేవుడు కాడు. సిలువ దగ్గర ఈ తేడా ఇంకా పెద్దది. దేవుడి ప్రేమ పూర్తిగా కనబడింది అక్కడేనని క్రైస్తవులు అంటారు. ఈసాను శత్రువులు సిలువ వేయలేకపోయారని ఖురాన్ 4వ సూరా చెబుతుంది.

పిల్లలు బైబిల్‌కు ఎదురుగా ఖురాన్‌ను, యేసుకు ఎదురుగా ముహమ్మద్ ప్రవక్తను పెట్టి పట్టిక గీశారు. చక్కగా గీశారు కానీ పొంతన కుదరదు. క్రైస్తవులకు దేవుని వాక్యం మనిషై వచ్చింది, ముస్లింలకు అది గ్రంథంగా దిగివచ్చింది. కాబట్టి యేసుకు ఎదురుగా పెట్టాల్సింది ఖురాన్‌ను. సోషల్ టీచర్ బోర్డు మీద ఇలా మార్చి రాశాక క్లాసు కాసేపు గప్‌చుప్.

ఆ తర్వాత ఆవిడ బాగ్దాద్ కథ చెప్పారు. సుమారు 781లో ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలుతున్న ఖలీఫా అల్ మహదీ, 'తూర్పు చర్చి' అనే క్రైస్తవ శాఖకు పెద్ద అయిన మొదటి తిమోతిని పిలిపించి రెండు రోజులు ప్రశ్నించాడు. మొదటి ప్రశ్నే ఇది: ఇంత చదువుకున్నవాడివి, దేవుడు ఒక స్త్రీని పెళ్లాడి కొడుకును కన్నాడని ఎలా అంటావు? అలాంటి మాట ఎవరన్నారని తిమోతి ఎదురడిగాడు. తమరి మాటతో, తమరి ఆత్మతో కలిసి కూడా తమరు ఒక్క ఖలీఫాయే కదా, ముగ్గురు ఖలీఫాలు కారు కదా, దేవుడూ అలాగే అని వివరించాడు. ఖలీఫా ఒప్పుకోలేదు. చివర్లో తిమోతి చీకటింట్లో పడిపోయిన ముత్యం కథ చెప్పాడు. అందరూ తడుముకుంటారు, ఒకరికి ముత్యం, మిగతావాళ్లకు గాజుముక్కో రాయో చేతికొస్తుంది, అందరూ తమదే ముత్యమనుకుంటారు, తెల్లవారితే గానీ తేలదు. ఇదంతా రాసిపెట్టింది తిమోతే కాబట్టి ఆయన జవాబులు పొడుగ్గా ఉంటాయి, అది సహజం. నాకు నచ్చింది వేరే. అంత వాదించుకుని కూడా ఖలీఫా మతం ఖలీఫాది, తిమోతి మతం తిమోతిది, మర్యాద మాత్రం ఎక్కడా తప్పలేదు.

దీనికోసం బాగ్దాద్ దాకా పోనక్కర్లేదు. క్రైస్తవ, ముస్లిం సంబంధాల మీద పనిచేసే హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ మన హైదరాబాద్‌లోనే ఉంది. 1930లో లాహోర్‌లో పుట్టి తర్వాత ఇక్కడికొచ్చిన సంస్థ అది.

టీచర్ క్లాసులో చెప్పిన నోట్స్ కాపీలు ఆఫీసులో ఉన్నాయి. చర్చికి వెళ్లేవాళ్లూ మసీదుకు వెళ్లేవాళ్లూ తీసుకుని చదవండి. "మా విశ్వాసాన్ని ఇలా చెప్పకూడదు" అనిపించిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కన ఎలా చెప్పాలో రాసి పేరెంట్స్ మీటింగ్‌లోపు పంపండి. సరిచేశాకే ఎనిమిదో తరగతికి చెబుతాం. తమ పిల్లలు ఆ పీరియడ్‌లో కూర్చోవడం ఇష్టం లేనివాళ్లు డైరీలో ఒక లైన్ రాస్తే చాలు, వాళ్లను లైబ్రరీకి పంపిస్తాం, కారణం అడగం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు