పిల్లల మాట పిల్లలనే చెప్పనివ్వండి

తల్లిదండ్రులందరికీ నమస్తే.

పోయిన మీటింగులో పిల్లగాణ్ణి "లెక్కలు ఎట్లున్నయిరా?" అని అడిగితే జవాబు వాళ్ళమ్మ చెప్పింది, ఆమె ఆగితే వాళ్ళ నాన్న అందుకున్నాడు, వాడేమో చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. గ్రౌండులో కబడ్డీ టీమును నడిపించేది వీడేనంటే మీరు నమ్మరు.

ఈ ఏడు క్లాస్ లీడర్లను నెలకొకరి చొప్పున మారుస్తున్నాం. మార్కులు ఎక్కువొచ్చినవాళ్ళు, గొంతు పెద్దగా ఉన్నవాళ్ళే లీడర్లు అనే లెక్క తీసేశాం. అల్లరి చేసేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం కూడా లీడర్ పని కాదు. తోటి పిల్లల ఇబ్బంది వినాలి, దాన్ని మాకు అర్థమయ్యేట్టు చెప్పాలి, అంతే.

మధ్యాహ్న భోజనం టైంలో నల్లా కాడ రోజూ తోపులాటే. ఎనిమిదో తరగతి అమ్మాయి లీడర్ అయ్యాక "లైన్ల నిలబడండి" అని అరవలేదు, ఎందుకు నూకుకుంటున్నారని చిన్నపిల్లల్నే అడిగింది. నల్లా వాళ్ళకు అందదట, పెద్దపిల్లలెవరో వచ్చి తిప్పగానే అందరూ ఒక్కసారే ఎగబడుతున్నారట. ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి సమస్య ఇది, కావాల్సింది ఇది అని రెండు ముక్కల్లో చెప్పింది. కింద ఇంకో నల్లా పెట్టించాం.

"మావోనికి స్టేజీ మీద ఇంగ్లీష్ మాట్లాడుడు నేర్పండి సార్" అని చాలామంది అడుగుతున్నారు. నేర్పుతాం, కానీ ముందు ఇంటి మాటలో జంకు పోవాలి. 1921లో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంతోనే తెలుగువాళ్ళ కోసం ఆంధ్ర జనసంఘం అనే సంస్థ మొదలైంది, అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది, దాని రెండో సభ 1931లో మన దేవరకొండలోనే బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. ఇప్పటికీ పిల్లల యాసను ఇంట్లోవాళ్ళే వెక్కిరిస్తున్నారు, అది నాకు నచ్చదు. మా ప్రేయర్‌లో తండా పిల్లలు లంబాడీలో మొదలుపెట్టినా, ఇంకొకరు ఉర్దూలో మొదలుపెట్టినా ఎవరూ నవ్వకూడదని గట్టిగా చెప్పాం.

ఇంటి దగ్గర మీరు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. బస్సు ఎప్పుడొస్తదో స్టాండులో వాళ్ళనే అడగనివ్వండి, చుట్టాలు "ఏం చదువుతున్నవ్?" అంటే మీరు జవాబు చెప్పకండి. పత్తి ఏరే రోజుల్లో బడి మానిపిస్తే (మానిపించకపోతే ఇంకా మంచిది) లీవ్ లెటర్ పిల్లలే రాసి, కారణం వాళ్ళ నోటితోనే చెప్పాలి. తక్కువ మాట్లాడే పిల్లలను "నోట్లో నాలుక లేదు" అని పదిమందిలో అనకండి, బాగా వినేది ఎక్కువగా వాళ్ళే.

వచ్చే మీటింగులో ప్రోగ్రెస్ కార్డు గురించి ముందు పిల్లలే మాట్లాడతారు. మధ్యలో ఆగిపోతే మీరు అందించకండి, కాసేపు ఓపిక పట్టండి. పొలం పనుల వల్ల రాలేనివాళ్ళు తాతనో నాయనమ్మనో పంపొచ్చు. ఈ రూలు వాళ్ళకూ వర్తిస్తుందని ముందే చెప్పి పంపండి.

మీ హెడ్‌మాస్టర్