మత్తులో మెదడు

ఒరేయ్ రవీ,

నాన్నగారికి బైపాస్ చెయ్యాలన్నారని రాశావు. గుండె సంగతి సర్జన్ చెప్పే ఉంటాడు. నువ్వు అడిగింది మెదడు గురించి: ఇన్ని మందులిచ్చాక ఆయన మన మనిషిగానే లేస్తారా అని. మత్తు డాక్టరుగా రోజూ నేను చేసే పని అదే కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

అసలు మత్తు అంటే నిద్ర కాదురా. నిద్రలో ఉన్నవాణ్ని తడితే లేస్తాడు. మత్తులో ఛాతీ ఎముక కోసినా మెదడుకి పట్టకూడదు. ప్రొపోఫాల్, సెవోఫ్లురేన్ లాంటివి మత్తుమందులు. అవి ముఖ్యంగా గాబా గ్రాహకాల మీద, అంటే మెదడుని శాంతపరిచే గాబా అనే రసాయనాన్ని అందుకునే చోట్ల, పనిచేసి, నాడీకణాలను నెమ్మదింపజేసే సంకేతాన్ని బలపరుస్తాయి. నుదుటి మీద అంటించిన ఈఈజీ పట్టీతో, అంటే మెదడులోని విద్యుత్తుని తెర మీద గీతలుగా చూపేదానితో, అది కళ్లారా కనిపిస్తుంది. మెలకువలో ఉండే సన్నటి గజిబిజి గీతలు పోయి, సెకనుకు 8 నుంచి 12 సార్లు ఊగే ఆల్ఫా అలలూ, వాటితో కలిసి పెద్ద పెద్ద నిదానపు అలలూ వస్తాయి. మెదడు ఆరిపోలేదు, దాని భాగాల మధ్య మాటలు తెగాయంతే. ఎన్నిసార్లు చూసినా నాకది అద్భుతంగానే ఉంటుంది. మందు ఎక్కువైతే మాత్రం గీత చదునైపోయి, మధ్యమధ్య ఎగిసి, మళ్లీ చదునవుతుంది. పెద్దవయసువాళ్లకి కొద్ది మందుకే అలా అవుతుంది, అందుకే ఆ తెర మీంచి కళ్లు తిప్పం.

గుండె ఆపరేషన్‌కి ఇంకో చిక్కుంది. ఆపరేషన్ సేపు గుండె, ఊపిరితిత్తుల పని తను చేసే హార్ట్-లంగ్ మెషీన్, 1953లో జాన్ గిబ్బన్ అనే అమెరికన్ సర్జన్ మొదటిసారి విజయవంతంగా వాడినది, ఇప్పటికీ చాలా బైపాస్‌లలో ఉంటుంది. దాని గొట్టాల్లోని ద్రవం కలిసి రక్తం పలచబడుతుంది, అందులోని మత్తుమందు గాఢతా తగ్గుతుంది. ఊపిరితిత్తులు ఆగి ఉంటాయి గనక, మత్తు వాయువుని ఆ మెషీన్ గుండానే ఇస్తాం. ఒళ్లు చల్లబరిస్తే ఒక్కో డిగ్రీకీ మెదడుకి కావలసిన ఆక్సిజన్ సుమారు 6, 7 శాతం తగ్గుతుంది. తిరిగి వెచ్చబరిచేటప్పుడు మెదడు మేలుకోవడం మొదలెడుతుంది, అప్పుడు మత్తు చాలకపోతే రోగికి తెలివి వచ్చే ప్రమాదం ఉంది. నేను ఎక్కువ జాగ్రత్తపడేది అక్కడే.

ఇక నీ అసలు భయం. ఐసీయూలో ఆయన ఒకరోజు నిన్ను పోల్చుకోకపోవచ్చు, లేనివి కనిపిస్తున్నాయనవచ్చు. దాన్ని డెలీరియం అంటాం, చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గుతుంది. నేరమంతా మత్తుదే అనుకోకు. ఆపరేషన్‌తో ఒంట్లో రేగే వాపు, రక్తంలో తిరిగే సన్నటి నలకలు, ఐసీయూలో చెడిన నిద్ర, వయసు, అన్నీ కలిసి చేస్తాయి. 2001లో వచ్చిన ఓ పేరున్న పరిశోధనలో బైపాస్ అయినవాళ్లలో 53 శాతం డిశ్చార్జి నాటికి జ్ఞాపకం, ఏకాగ్రత పరీక్షల్లో వెనకబడ్డారు, ఆరు నెలలకి అది 24 శాతానికి దిగింది. ఐదేళ్లకి మళ్లీ 42 అయిన మాట నిజమే. కానీ ఆపరేషన్ లేకుండా గుండెజబ్బుతో ఉన్నవాళ్లతో పోల్చి చూసిన తర్వాతి పరిశోధనల్లో పెద్ద తేడా కనబడలేదు. రక్తనాళాల జబ్బే మెదడునీ తింటుందని నా నమ్మకం.

నీ చేతిలో ఉన్నవి ఇవి: కళ్లజోడు, వినికిడి మెషీన్ ఐసీయూకి అందించు. పక్కన కూర్చుని ఈరోజేం వారమో, తనెక్కడున్నారో చెబుతూ ఉండు. ఆయనకి తాగుడు అలవాటుందేమో సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పు. రాత్రిళ్లు ఆయన నిద్రమాత్ర వేసుకుంటారని రాశావుగా, దాని పేరూ, మోతాదూ, ఎన్నేళ్లుగా వాడుతున్నారో అమ్మని కనుక్కుని అక్కడి మత్తు డాక్టరుకి ముందే చెప్పు, నాకూ రాయి.

నీ
శీను