గడీలో కొత్త కట్టడం కొత్తగానే కనిపించనివ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత నెలలో పాలమూరు ప్రాంతంలోని ఒక పాత గడీని, అంటే దొరల కాలపు కోటలాంటి భవనాన్ని, చూడటానికి వెళ్లాను. దాన్ని ప్రజలకు పనికివచ్చేలా మారుస్తున్నారని విని సంతోషంగా లోపల అడుగు పెట్టాను. ఎక్కువసేపు నిలవలేకపోయాను. సున్నపు గోడల మీద అంగుళం మందాన సిమెంటు పూస్తున్నారు. కరెంటు తీగల కోసం యంత్రంతో గోడల్లో గాడులు కొడుతున్నారు. ముందువైపు కమానులను ఏసీపీ రేకులతో, అంటే దుకాణాల ముందు బిగించే అల్యూమినియం పలకలతో, కప్పేశారు. వెనుక కొత్తగా కట్టిన గదికి మాత్రం పాత కమానుల్లా కనిపించాలని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూలతీగలు అతికించారు.

నేను సివిల్ ఇంజనీరుగా పనిచేసి విరమించినవాడిని. పాత భవనంలో కొత్త పని అసలే వద్దని నేను అనను. మనుషులు వాడని భవనం గబ్బిలాల పాలు, రావి మొక్కల పాలు అవుతుంది. వనపర్తి రాజభవనంలోకి 1959లో పాలిటెక్నిక్ కళాశాల వచ్చింది. గద్వాల కోటలో చెన్నకేశవాలయమూ డిగ్రీ కళాశాలా ఒకే ప్రాకారంలో ఉన్నాయి. సంస్థానాలు పోయాక ఆ గోడల మధ్య రైతుల పిల్లలు, కూలీల పిల్లలు చదువుకున్నారు. అంతకంటే మంచి వాడుకను నేను ఊహించలేను. భవనాన్ని వాడాలంటే మరుగుదొడ్లు కావాలి, విద్యుత్తు కావాలి, చక్రాల కుర్చీలో వచ్చేవారికి వాలుబాట కావాలి. ఇవన్నీ కొత్తగా చేర్చవలసినవే. వాటిని ఎలా చేరుస్తున్నామన్నదే నా బాధ.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూసినవారికి నేను చెప్పబోయేది వెంటనే తెలుస్తుంది. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే 2018లో ఆ చెట్టుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. బరువైన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు నిలిపారు. వేలాడే ఊడలను గొట్టాల గుండా నేలకు దించారు. ఆ దిమ్మెను చూసి ఊడ అని ఎవరూ పొరబడరు. దానికి మర్రి బెరడు రంగు పూసి, ఊడలా చెక్కి నిలబెట్టి ఉంటే, ఏ కొమ్మ తన బలంతో నిలిచిందో, ఏది ఆసరాతో నిలిచిందో రేపు పరీక్షించేవారికి ఎలా తెలుస్తుంది? గడీకి చేర్చే మెట్లయినా, గది అయినా ఆ దిమ్మెలాగే ఉండాలి. మోయవలసింది మోయాలి, తాను కొత్తనని దాచుకోకూడదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 1964లో వెనిస్‌లో సమావేశమైన పరిరక్షణ నిపుణులు ఆమోదించిన చార్టర్ తొమ్మిదో అంశంలో ఈ మాట ఉంది: తప్పనిసరై చేర్చే పని పాత నిర్మాణం నుంచి వేరుగా తెలియాలి, దాని మీద ఈ కాలపు ముద్ర ఉండాలి. పారిస్‌లో పాత రాజభవనమైన లూవ్ర్ మ్యూజియం ప్రాంగణం నడుమ 1989లో గాజు పిరమిడ్‌ను ప్రారంభించారు. అంతకుముందు దాని మీద పెద్ద గొడవే జరిగింది. కానీ అది పాత భవనపు శిల్పాన్ని అనుకరించలేదు, ఆ ముఖాన్ని కప్పేయలేదు.

ఇక సిమెంటు సంగతి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మంచి మనసుతోనే ఈ తప్పు చేస్తున్నారు. గడీ గోడ అంటే రాయి, ఇటుక, డంగు సున్నం. సున్నాన్నీ ఇసుకనూ గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి చేసిన సున్నం అది. ఆ గోడ నేలలోని తేమను పీల్చుకుంటుంది, పీల్చినదాన్ని తన ముఖం మీదుగానే గాలికి వదిలేస్తుంది. మనం సిమెంటు పూసి ఆ దారి మూసేస్తే తేమ పోయేచోటు లేక పైపైకి ఎక్కుతుంది. దానితో వచ్చిన లవణాలు పూత వెనుక గట్టిపడి చౌడు పేలుతుంది. కొన్నేళ్లకు సిమెంటు పెచ్చులుగా ఊడుతూ తనతోపాటు లోపలి ఇటుకనూ లాక్కొస్తుంది. గోడలో దూర్చిన దూలాల కొసలు ఆ చెమ్మకు కుళ్లిపోతాయి. అప్పుడు పైకప్పు కూలుతుంది, ‘పాతబడింది కదా’ అని అందరూ అనుకుంటారు. ఆ కప్పును కూల్చింది కొత్త పూత.

మన దక్షిణ జిల్లాల్లో మంచి పని చేసినవారు లేకపోలేదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ముంపు నీటి నుంచి నవబ్రహ్మ ఆలయాలను కాపాడటానికి ఊరికి అడ్డంగా కట్ట కట్టారు. ఆ కట్ట మన కాలపు ఇంజనీరింగ్ అని చూడగానే తెలుస్తుంది, చాళుక్యుల గోపురాల పక్కన అది చాళుక్యుల వేషం వేసుకోలేదు. యాదగిరిగుట్టలో 2022లో పూర్తయిన కృష్ణశిల ఆలయాన్ని చూపి, అంతటా పాత శైలిలోనే కట్టాలని కొందరు అంటారు. గుట్ట మీద పూజ జరిగే గుడి ఉంది, అక్కడ గుడి కట్టే విధానం చెప్పే ఆగమ శాస్త్రాలు నడిపిస్తాయి. ఆఫీసు గదికీ మరుగుదొడ్డికీ ఆ సూత్రం అక్కరలేదు.

కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల దాకా నిర్మాణ నిషేధం, ఆపై మరో 200 మీటర్ల దాకా నియంత్రణ ఉన్నాయి. తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టమూ వచ్చింది. కానీ ఏ జాబితాకూ ఎక్కని గడీలు, పాత సర్కారు కచేరీలు, నడుమ వాకిలి ఉండే భవంతి ఇళ్లు ఊరూరా ఉన్నాయి. వాటికి ఏ కాపలా లేదు. అందుకే జిల్లా కలెక్టర్లకు నా విన్నపం. ఇలాంటి భవనంలో పని మొదలుపెట్టే ముందు నక్షాను గేటు దగ్గర నెల రోజులు అతికించండి. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకా కొందరు ఉన్నారు, వారిని పిలిచి అడగండి. తీగలను గోడలో పూడ్చకుండా పైపైన గొట్టాల్లో నడపండి. ఇనుప మెట్లయినా, గాజు గదైనా పాత గోడకు జానెడు ఎడంగా, తీసేయాలంటే బోల్టులు విప్పి తీసేసేలా కట్టండి.

నేను చూసిన ఆ గడీలో పై అంతస్తు గోడలకు ఇంకా సిమెంటు తాకలేదు. సంబంధిత అధికారులు ఈ వారమే ఒకసారి వెళ్లి చూడాలని మీ పత్రిక ద్వారా చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు,
వనపర్తి