గుహల నవల గొడవ

ఏరా,

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. ఒకరేమో ఇంతకు మించిన నవల లేదంటున్నారు, ఇంకొకరేమో వంద పేజీలకే విసిరికొట్టామంటున్నారు, మరి నన్ను చదవమంటావా వద్దంటావా అని అడిగావు. జీన్ ఆవెల్ రాసిన ‘ద క్లాన్ ఆఫ్ ద కేవ్ బేర్’ గురించి నాకు తెలిసినవాళ్ళు ఎప్పుడు మాట్లాడుకున్నా ఇదే తంతు.

కథ కొంత విన్నావుగా, భూకంపంలో అయినవాళ్ళని పోగొట్టుకున్న అయిదేళ్ళ పిల్ల అయ్లా, మనలాంటి మనిషి పిల్ల, నియాండర్తాల్ అనే, ఎప్పుడో అంతరించిపోయిన మరో మానవజాతి గుంపులో పెరుగుతుంది. మెచ్చుకునేవాళ్ళు ముందుగా ఎత్తేది అందులోని వివరాలే. డ్రూగ్ అనే పనిముట్ల మనిషి చెకుముకి రాయిని తిప్పి తిప్పి చూసి, దెబ్బ ఎక్కడ పడితే పెచ్చు సరిగ్గా లేస్తుందో ఆలోచించుకునే చోట నేనైతే ఊపిరి బిగబట్టి చదివాను. సరిగ్గా అలాంటి పేజీలే కొందరికి ఒళ్ళుమంట. కథ ఊపందుకుంటోంది అనుకునేలోపు ఏ వేరు ఏ జబ్బుకి పనిచేస్తుందో రెండు పేజీల పాఠం మొదలవుతుంది మరి! నీకు ఓపిక లేకపోతే ఆ పేజీలు దాటేసెయ్, కొంపలేం మునగవు.

అసలు కొట్లాట సైన్స్ దగ్గర. నవలలో గుంపు వాళ్ళకి పూర్వీకుల జ్ఞాపకాలు పుట్టుకతోనే మెదడులో ఉంటాయి, అందుకే కొత్త సంగతి ఒంటబట్టదు. దీనికి ఆధారం లేదు, ఆ విషయంలో తిట్టేవాళ్ళదే న్యాయం. వాళ్ళు ఎక్కువగా చేతి సైగలతోనే మాట్లాడుకుంటారన్నది కూడా ఇప్పుడు అంత నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే నవల వచ్చింది 1980లో, ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో నియాండర్తాల్ గొంతు ఎముక దొరికింది 1983లో, అది చూస్తే అచ్చం మన ఎముకలాగే ఉంది, అంటే వాళ్ళకీ మాటలు వచ్చి ఉండొచ్చు. కానీ అయ్లాకి ఆ గుంపు మగాడి వల్ల బిడ్డ పుట్టడం ఉందే, అది మాత్రం భలే తగిలిందిరా. 2010లో నియాండర్తాల్ జీనోమ్, అంటే వాళ్ళ డీఎన్ఏ మొత్తం చిట్టా, బయటికొచ్చాక రెండు జాతులూ కలిశాయని తేలింది, ఆఫ్రికా బయటి మూలాలున్న వాళ్ళ డీఎన్ఏలో సుమారు 2 శాతం నియాండర్తాల్‌లదేనట. ఆ పరిశోధన నడిపించిన స్వాంటె పాబోకి 2022లో నోబెల్ కూడా వచ్చింది.

క్రెబ్ అనే ముసలి మాంత్రికుడు ఉంటాడు, ఒక కన్ను లేదు, ఒక చెయ్యి లేదు, కుంటి. ఇదంతా అతి అని కొందరు కొట్టిపారేస్తారు గానీ, ఇరాక్‌లోని షానిదార్ గుహలో సరిగ్గా అలాంటి మనిషి అస్థిపంజరమే దొరికింది. అన్ని గాయాలతో అతను ఏళ్ళ తరబడి బతికాడంటే పక్కనున్నవాళ్ళు చూసుకోబట్టే కదా. క్రెబ్ పాత్రకి మూలం అతనే. నా మట్టుకు నాకు ఈ నవల క్రెబ్ కోసం, అయ్లాని పెంచిన ఐజా కోసం చదవాలి. నా పేచీ అంతా అయ్లాతోనే. గుంపు కళ్ళకి ఆమె వికారంగా కనిపించడం, తనూ అదే నమ్మడం ఎంత బాగుందో, తర్వాతి భాగాల్లో గుర్రాన్ని మచ్చిక చేసేదీ తనే, రాళ్ళు కొట్టి నిప్పు పుట్టించే కిటుకు కనిపెట్టేదీ తనే, తోడేలుని పెంచేదీ తనే అయ్యేసరికి అంత విసుగొస్తుంది. మిగతావాళ్ళంతా ఆ వేల ఏళ్ళూ ఏం చేస్తున్నట్టు?

ఒక్క సంగతి ముందే చెప్పేస్తున్నా. ఆ గుంపులో బ్రౌడ్ అనేవాడు అయ్లాని బలవంతం చేసే ఘట్టాలు ఉన్నాయి, అప్పటికి తను ఇంకా చిన్నపిల్ల. చాలామంది అక్కడే పుస్తకం మూసేశారు, వాళ్ళని నేనేం అనను. నీకు టెన్షన్ అనిపిస్తే నువ్వూ ఆపెయ్.

మొత్తం ఆరు భాగాలు. చివరిది 2011లో వచ్చింది, వీరాభిమానులు కూడా పెదవి విరిచారు, ఒకే పాట మళ్ళీ మళ్ళీ, చెప్పిందే మళ్ళీ చెప్పడం. మొదటిది మాత్రం చదువు. నచ్చితే రెండోది నా దగ్గరుంది, పంపిస్తా. బ్రౌడ్‌ని తిట్టాలనిపించినప్పుడు అర్ధరాత్రయినా సరే ఫోన్ చెయ్, నేనూ గొంతు కలుపుతా.

ఉంటాను మరి.