ఓటరుకు నీతులు చెప్పే ముందు

సంపాదకుడు గారికి,

గత వారం మీ పత్రికలో ఓటు అమ్ముకునే ఓటర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాస్తే మంచిదని ఇన్నాళ్లు ఆగాను. తగ్గలేదు.

పోలింగు ముందు రాత్రి ఇంటికొచ్చే కవరే ప్రజాస్వామ్యాన్ని చెడగొట్టిందని వ్యాసకర్త తేల్చేశారు. కవరు తీసుకోవడం తప్పే, కాదనను. చట్టం ప్రకారం ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఏడాది దాకా జైలు. మరి ఆ కవర్లోకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క ముక్కైనా రాయలేదేం?

ఎన్నికల బాండ్ల సంగతి అప్పుడే మరిచిపోయామా? స్టేట్ బ్యాంకులో కొని, పేరు బయటపడకుండా పార్టీలకు విరాళంగా ఇచ్చే పత్రాలవి. అంతకుముందు ఏ కంపెనీ అయినా మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదు. 2017లో ఫైనాన్స్ బిల్లులో పెట్టి ఆ నిబంధన ఎత్తేశారు. లాభమే లేని కంపెనీ కూడా ఎంతైనా ఇచ్చుకోవచ్చన్నమాట! ఏ పార్టీకి ఇచ్చిందీ చెప్పక్కర్లేదు. రిజర్వు బ్యాంకు అభ్యంతరం చెప్పింది, ఎన్నికల సంఘం ఇది తిరోగమనమని లేఖ రాసింది. ప్రభుత్వం వింటేగా! మామూలు కంటికి కనబడని నంబరు ప్రతి బాండు మీదా ఉండేది. అతినీలలోహిత కాంతిలో పెడితే తప్ప తెలియదు. రహస్యం ఎవరి నుంచి దాచారో అర్థం కావడానికి ఇది చాలదూ?

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. వివరాలిమ్మంటే స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు కావాలంది, అంటే లోక్‌సభ ఎన్నికలు ముగిశాక. 22,217 బాండ్లు సరిచూడాలట. కోర్టు మందలించాక మర్నాడే జాబితాలు ఇచ్చింది, మార్చి 21కల్లా నంబర్లు కూడా బయటికొచ్చాయి. నాలాంటి పింఛనుదారు మాత్రం ఏటా నవంబరులో తాను బతికే ఉన్నానని రుజువు చూపించాలి. మా బ్యాంకులో కేవైసీకి ఒక్క కాగితం తగ్గితే ఖాతా ఆపేస్తారు. కోట్ల బాండ్లు కొన్నవాళ్లకు ఏ కౌంటరులోనూ ఇంత టెన్షన్ ఉండదనుకుంటా.

ఆ జాబితాలో లాటరీల వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్ 1,368 కోట్లతో మొదటి స్థానంలో, మన హైదరాబాదు కాంట్రాక్టు సంస్థ మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లతో రెండో స్థానంలో నిలిచాయి. పుచ్చుకున్నవాళ్లలో బీజేపీది 6 వేల కోట్లకు పైమాటే. అప్పట్లో తెలంగాణను ఏలిన బీఆర్ఎస్‌కు 1,200 కోట్లు దాటింది. కాంగ్రెసూ, తృణమూలూ, మన రెండు రాష్ట్రాల ఇతర పెద్ద పార్టీలూ ఎవరి స్థాయిలో వాళ్లు అందుకున్నారు. వద్దన్నది సీపీఎం లాంటి కొన్ని పార్టీలే. పథకం చెల్లదన్నారు సరే, ఆ డబ్బు వెనక్కి రాబట్టమని అడిగితే మాత్రం కోర్టు ఒప్పుకోలేదు. ప్రతిఫలంగా ఏం దక్కిందో తేల్చే ప్రత్యేక దర్యాప్తు కోరితే అదే ఏడాది ఆగస్టులో కోర్టే వద్దంది. అంతటితో సరి.

ఇప్పుడు అదే సొమ్ము ఎన్నికల ట్రస్టుల దారి పట్టింది, అంటే కంపెనీల విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచే సంస్థల దారి. ట్రస్టు నివేదికలో ఇచ్చినవాళ్ల పేర్లు ఒకచోట, అందుకున్న పార్టీలు ఇంకోచోట ఉంటాయి. ఎవరి డబ్బు ఏ పార్టీకి చేరిందో చాలాసార్లు మనమే ఊహించుకోవాలి. ఇక ఖర్చుల లెక్క చూస్తే నవ్వొస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థికి 40 లక్షల పరిమితి. టీకి ఇంత, కుర్చీకి ఇంత, టెంటుకు ఇంత అని అధికారులు రేట్ల పట్టిక తయారుచేసి, కెమెరా పట్టుకుని వెంటపడతారు. పార్టీ ఖర్చుకు మాత్రం పరిమితే లేదు! స్టార్ ప్రచారకుడు హెలికాప్టరులో దిగితే ఆ ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. అధికారులు సమోసాలు లెక్కబెడుతూనే ఉంటారు.

సమాచార హక్కు చట్టం రాజకీయ పార్టీలకూ వర్తిస్తుందని 2013లో కేంద్ర సమాచార కమిషన్ చెబితే ఆరు జాతీయ పార్టీల్లో ఒక్కటీ ఖాతరు చేయలేదు. సభలో మైకులు విరగ్గొట్టుకునేవాళ్లకు ఇందులో ఎంత ఐకమత్యమో! మేం చదువుకునే రోజుల్లో చందా పుచ్చుకుంటే రసీదు ఇచ్చేవాళ్లు, గోడ మీద పేరు రాసేవాళ్లు.

అయ్యా, ఓటర్లకు బుద్ధి చెప్పే వ్యాసాలు మళ్లీ వేసుకోండి, కాదనను. ఈలోగా ట్రస్టుల నివేదికలు, పార్టీల విరాళాల జాబితాలు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల కంపెనీలు ఎంతెంత ఇచ్చాయో, ఆ తర్వాత ఏ ప్రభుత్వ పనుల టెండర్లు దక్కించుకున్నాయో పక్కపక్కన పెట్టి ఒక్క పూర్తి పేజీ అచ్చువేయండి. మొదటి పేజీ నిండా ప్రకటన లేని రోజు చూసుకుని వేసినా ఫర్వాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు